గుమ్మాల పనికి వడ్రంగిని మాట్లాడుకునే ముందు

ముందు ఆయన ఈ మధ్య చేసిన ఇల్లు ఒకటి చూసి రండి, తలుపు వేసి తీసి చూస్తే పనితనం తెలిసిపోతుంది.

కూలి రోజుకా, గుమ్మానికి ఇంతనా? మేకులు, హోల్డ్‌ఫాస్టులు (గుమ్మాన్ని గోడకి పట్టి ఉంచే ఇనప పట్టీలు), కోత ఖర్చు ఎవరివి? ఇవన్నీ కాగితం మీద రాసుకోండి.

చెక్క లెక్క మాత్రం మీరే వేసుకోండి, డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే. 7 అడుగుల నిలువు చెక్కలు రెండు, మూడున్నర అడుగుల అడ్డచెక్క ఒకటి కలిపి 17.5 అడుగులు, 5×3 అంగుళాల సైజైతే 5×3×17.5ని 144తో భాగించండి, దాదాపు 1.8 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) వస్తుంది. టేకైనా వేపైనా తెల్లచెక్క (బెరడు పక్కనుండే లేత రంగు భాగం) ఉన్నది వద్దు, చెదలు ముందు పట్టేది దానికే. పచ్చి చెక్క అసలే వద్దు. "ఏం కాదులే అన్నా" అంటే నమ్మి మేం తీసుకున్నాం, వేసవికల్లా రెండు గుమ్మాలు మెలి తిరిగాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నిలబెట్టే రోజు దగ్గరుండండి. గడప లేకపోతే కింద ఓ బద్ద కొట్టించి, మూల నుంచి మూలకి టేపు పట్టి రెండు కొలతలూ సమానమేనా చూడండి, తూకం గుండు కూడా వేయించండి. గోడకి ఆనే వైపు ప్రైమర్ ముందే పూయించాలి, గోడ లేచాక అక్కడ చెయ్యి పట్టదు.

అడ్వాన్సు కొంచెమే, మిగతాది పని సాగేకొద్దీ.