అందరికీ వేషం దొరికే నాటకం

స్థానికులంతా కలిసి నాటకం వేద్దామనుకున్న చాలా బృందాలు మొదటిరోజే దారి తప్పుతాయి. ముందు స్క్రిప్టు తెచ్చుకుని, వేషాలకు తగ్గ మనుషుల కోసం వెతుకుతాయి. దాంతో గొంతూ అనుభవమూ ఉన్నవాళ్లే మిగులుతారు. చదవడం రానివాళ్లకూ, వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లకూ వేదిక మీద చోటుండదు. మనుషులు ముందు, వేషాలు తర్వాత.

ఆడిషన్ మానేసి, రెండేసి గంటల వర్క్‌షాపులు మూడు పెట్టండి. ఒక్కోదానికి 15 మంది చాలు; అంతకు మించితే మెతకగా ఉండేవాళ్లు గుంపులో కలిసిపోతారు. మొదటిరోజు కాగితం తీయొద్దు. ఐదుగురేసి జట్టుగా, మాట లేకుండా, బస్సు తప్పిపోయిన క్షణాన్ని శిల్పాల్లా నిలబడి చూపమనండి. బ్రెజిల్ దర్శకుడు ఆగస్టో బోల్ ఇలాంటి ‘ఇమేజ్ థియేటర్’ను విరివిగా వాడారు. ఎవరు పాడతారో, ఎవరు కుడతారో, ఎవరి యాసలో జీవముందో రాసిపెట్టుకోండి. కథ అందులోంచే పుడుతుంది.

చదవలేనివాళ్లకు డైలాగులు ఫోన్లో రికార్డు చేసివ్వండి. ఎదుటి పాత్ర చివరి మాట వినిపించాక, వాళ్లు తమ మాట చెప్పుకోవడానికి ఖాళీ వదలాలి; ఆ ఖాళీ లేకపోతే వినడమే తప్ప పలకడం అలవాటు కాదు. ప్రతి వేషానికీ ఇద్దరిని తయారుచేయండి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లూ, ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లూ అప్పుడప్పుడు రాలేరు, అది వాళ్ల తప్పు కాదు. రిహార్సల్‌కు అందర్నీ ఒకేసారి పిలవకండి, సీను వారీగా పిలవండి. తమ వంతు కోసం గంటలకొద్దీ కూర్చోబెడితే మూడోవారానికే జనం పలచబడతారు.

స్టేజి ఎంత ఎత్తుంటే ర్యాంపు దానికి 12 రెట్లు పొడవుండాలి: 60 సెంటీమీటర్ల స్టేజికి 7.2 మీటర్లు. అంత చోటు లేదా? స్టేజి వదిలి నేలమీదే ఆడండి, ప్రేక్షకుల్ని మూడు వైపులా కూర్చోబెట్టండి. నిజానికి చిన్న హాల్లో ఇదే బాగుంటుంది. చూపులేని నటులకు స్టేజి అంచు కన్నా మీటరు ముందే కాలికి తగిలేలా గరుకు పట్టీ అతికించండి. పట్టీ చివర్లు లేస్తే ఎవరికైనా కాలు తట్టుకుని పడతారు కాబట్టి రోజూ చూసుకోవాలి.

సైగభాష అనువాదకులకు స్క్రిప్టు కనీసం రెండు వారాల ముందే ఇవ్వండి. వాళ్ల మీద విడిగా ఒక లైటు ఉండాలి. స్టేజి చీకటైనప్పుడు మాటలు సాగుతుంటే ఆ లైటు ఆర్పకూడదు. లైట్ల రిహార్సల్‌కు వాళ్లను పిలవకపోతే తప్పు జరిగేది సరిగ్గా అక్కడే.