ఆడిట్ పాఠాలు – 7వ భాగం: రైస్ మిల్లులో సరుకు లెక్క

గత భాగంలో కొనుగోలు బిల్లుల వోచింగ్ (పుస్తకంలో రాసినదాన్ని బిల్లులతో సరిపోల్చడం) చూశాం. ఆ బిల్లుల్లో రాసిన ధాన్యం నిజంగా మిల్లులో ఉందా, ఉంటే అది మిల్లరుదేనా అన్నది ఈసారి పాఠం. నెల్లూరు జిల్లాలో ఆర్టికల్‌గా (ఆడిటర్ దగ్గర శిక్షణ పొందే సీఏ విద్యార్థిగా) చేరినవాళ్లకు ఈ పని తప్పదు. పెన్నా డెల్టాలో మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతలు ముమ్మరంగా ఉంటాయి, లెక్కలు ముగిసేదేమో మార్చి 31న. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం మిల్లుల్లో సరిగ్గా అప్పుడే గోదాములు నిండి ఉంటాయి. ఒంగోలు వైపు పొగాకు అయితే పని కాస్త సులువు. వేలంలో కొన్న ప్రతి బేలుకూ చీటీ, దాని మీద బరువు ఉంటాయి. ధాన్యం బస్తాకు అలాంటిదేమీ ఉండదు.

మిల్లుకు వెళ్లగానే గోదాములోకి నడవకండి. ముందు ఆఫీసులో కూర్చుని చివరి కాటా చీటీ నంబరు, చివరి గేట్ పాస్ నంబరు, చివరి అమ్మకం బిల్లు నంబరు మీ చేత్తో రాసుకుని గుమాస్తా సంతకం తీసుకోండి. లెక్క అయ్యేదాకా లోడింగ్, అన్‌లోడింగ్ ఆపమని అడగండి. ఆపడం కుదరదంటే, ఆ సమయంలో వచ్చిన, పోయిన ప్రతి లారీ వివరం విడిగా రాయండి. ఈ మూడు నంబర్లూ లేకుండా చేసిన లెక్క తర్వాత ఎందుకూ కొరగాదు.

ఇక నెట్టు, అంటే వరసలుగా పేర్చిన బస్తాల దొంతర లెక్క. కొత్తవాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు చూసి గుణించేస్తారు. తప్పు అక్కడే వస్తుంది. నెట్టు పడిపోకుండా హమాలీలు ఒక వరస అడ్డంగా, దాని మీది వరస నిలువుగా పేరుస్తారు. అందుకే రెండు వరసల్లో బస్తాల సంఖ్య ఒకటిగా ఉండదు. ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు వరసలనూ విడివిడిగా లెక్కపెట్టాలి. ఒక వరసలో 84, పై వరసలో 80 వచ్చాయనుకోండి. మొత్తం 14 వరసలుంటే 7 × 84 + 7 × 80 = 1,148. అన్నిటికన్నా పైనున్న వరసలో 23 బస్తాలు తక్కువుంటే 1,125. నిచ్చెన వేసుకుని పైకెక్కకపోతే ఆ 23 కనబడవు. నడుమ ఖాళీ వదిలి చుట్టూ పేర్చిన నెట్టు గుట్టు కూడా పైనుంచే తెలుస్తుంది. అనుమానం ఉంటే ముఠా మేస్త్రీతో ఒక మూల విప్పించండి. కూలి ఖర్చవుతుందని మిల్లరు గొణుగుతాడు, గొణగనివ్వండి.

బస్తాల సంఖ్య వచ్చినా బరువు ఇంకా తేలలేదు. పుస్తకంలో బస్తాకు 75 కిలోలని రాసి ఉంటుంది. వేర్వేరు నెట్ల నుంచి, వేర్వేరు ఎత్తుల్లోంచి పది బస్తాలు దించి తూయించండి. పది ఖాళీ గోనెలు కూడా తూచి, వాటి సగటు తీసేయండి. నికర సగటు 74.2 కిలోలు వస్తే ఈ నెట్టులో ఉన్నది 83,475 కిలోలు. 75 లెక్కన అయితే 84,375. ఒక్క నెట్టులోనే 900 కిలోల తేడా.

నెల్లూరులో ఇంకో చిక్కు ‘పుట్టి’ అనే కొలత. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. ధర మాట్లాడుకునేది పుట్టికి, స్టాకు రిజిస్టరు రాసేది క్వింటాళ్లలో. 2024-25లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300, అంటే పుట్టికి 19,550. పుట్టిని గుండుగుత్తగా 8 క్వింటాళ్లనో 9 అనో వేసిన రిజిస్టరులో తేడా లారీల కొద్దీ పేరుకుంటుంది. తరుగునూ గుర్తుపెట్టుకోండి. తేమ పేరు చెప్పి కొంత బరువు కోసి బిల్లు చేసినచోట కాటా చీటీ బరువు ఎక్కువ, బిల్లు బరువు తక్కువ. రిజిస్టరు బిల్లు బరువుతో రాస్తే గోదాములో సరుకు ఎక్కువ కనిపిస్తుంది. ఎక్కువుంది కదా అని వదిలేయకండి, అదీ రాయాల్సిన తేడానే.

విడిగా పోసిన రాశి ఉంటే చుట్టుకొలత, ఎత్తు టేపుతో కొలవండి. చుట్టుకొలత × చుట్టుకొలత × ఎత్తు ÷ 37.7 చేస్తే శంకువు ఘనపరిమాణం వస్తుంది. 22 మీటర్ల చుట్టుకొలత, 2.4 మీటర్ల ఎత్తు ఉంటే సుమారు 30.8 ఘనపు మీటర్లు. కొలతలు తెలిసిన పెట్టెను అదే ధాన్యంతో నింపి తూస్తే ఘనపు మీటరు బరువు తెలుస్తుంది, దానితో గుణించండి. ఉడకబెట్టే తొట్లలో నానుతున్న ధాన్యాన్ని మాత్రం తూయకండి, నీటి బరువు కలుస్తుంది. తొట్లోకి పంపినప్పటి చీటీ బరువే తీసుకోండి.

సరుకు ఎవరిదన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. పౌర సరఫరాల సంస్థ మరపట్టడానికిచ్చిన ధాన్యం అదే ప్రాంగణంలో ఉంటుంది. అది మిల్లరు స్టాకు కాదు. మిల్లరుకు రావాల్సింది మరాడింపు చార్జీలే. ఆ నెట్లను వేరుగా చూపించమనండి, సంస్థ ఇచ్చిన కాగితాలతో పోల్చండి, వీలైతే వాళ్ల నుంచే నేరుగా ధ్రువీకరణ తెప్పించండి. బ్యాంకుకిచ్చిన నెలవారీ స్టాకు స్టేట్‌మెంటులో ఇది కలిసిపోయిందేమో కూడా చూడాలి. డ్రాయింగ్ పవర్ (బ్యాంకు నుంచి ఎంత వాడుకోవచ్చో చెప్పే పరిమితి) లెక్కేసేది దాని మీదే కనుక కలిపే ఆశ ఎక్కువ. మిల్లు కంపెనీ అయి, బ్యాంకు ఇచ్చిన వర్కింగ్ క్యాపిటల్ అప్పు పరిమితి 5 కోట్లు దాటితే కారో 2020 (కంపెనీల ఆడిటర్ రిపోర్టు ఉత్తర్వు) కింద ఈ పోలిక ఆడిట్ రిపోర్టులోకే ఎక్కుతుంది.

ఆఫీసుకు తిరిగొచ్చాక దిగుబడి లెక్క చేయండి. ప్రారంభ నిల్వ + కొనుగోలు − ముగింపు నిల్వ = మరపట్టిన ధాన్యం. ప్రభుత్వ ధాన్యానికి పచ్చి బియ్యం 67 శాతం, ఉప్పుడు బియ్యం 68 శాతం రావాలన్నది కొలమానం. అందులో నూక కూడా కలిసి ఉంటుంది. ప్రైవేటు మిల్లరు నూకను వేరుచేసి అమ్ముతాడు కాబట్టి బియ్యానికి నూక కలిపి పోల్చాలి. 60 దగ్గర ఆగితే ముగింపు నిల్వ తక్కువ చూపారేమో, అమ్మకాలు పుస్తకంలోకి రాలేదేమో చూడండి. 72 దాటితే కొనుగోళ్లు తప్పిపోయాయా, లేని నిల్వను ముగింపులో చూపారా అని చూడండి. బియ్యం మూటలు లెక్కపెట్టేటప్పుడు 25, 26 కిలోలవి విడదీయండి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి జీఎస్టీ పడటంతో 26 కిలోల మూటలు వచ్చాయి. అన్నిటినీ 25 అనుకుంటే మూటకు కిలో పోతుంది.

సాధన: ఏప్రిల్ 3 సాయంత్రం లెక్కపెడితే 6,420 క్వింటాళ్లు. అందులో సంస్థది 1,100, మార్చి 31న కూడా అంతే. ఏప్రిల్ 1 నుంచి 3 వరకు మిల్లరు సొంత ధాన్యం కాటా చీటీల ప్రకారం వచ్చింది 870, మరపట్టింది 540. పుస్తకంలో మార్చి 31 సొంత నిల్వ 5,150. తేడా ఎంత? ఏప్రిల్ 1 కాటా చీటీల్లో ఒక లారీ నికర బరువు సరిగ్గా 160 క్వింటాళ్లు. దాని కొనుగోలు బిల్లు తేదీ మార్చి 31. మీ వర్కింగ్ పేపరులో ఏం రాస్తారు? జవాబు 8వ భాగంలో, స్టాకు విలువ కట్టే పాఠంతో పాటు.