ఇత్తడి చెంబు ప్లాస్టిక్‌లా కనిపించడం ఎలా పోయిందంటే

క్రితా అనే డిజిటల్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఇత్తడి చెంబు వేస్తే ప్రతిసారీ పసుపు ప్లాస్టిక్ మగ్గులా వచ్చేది. ఆకారం బాగానే ఉండేది, లోహపు మెరుపే రాలేదు. మెటల్ బ్రష్‌లు డౌన్‌లోడ్ చేశాను, టెక్స్చర్ అతికించాను, రంగును వెలిగించే డాడ్జ్‌తో రుద్దాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి అమ్మ చింతపండుతో తోమిన చెంబునే కిటికీ పక్కన పెట్టి ఫోటో తీశాను. ఫోటో పైన కొత్త లేయర్ (పొర) వేసి, నలుపు నింపి, బ్లెండింగ్ మోడ్ (కింది పొరతో కలిసే తీరు) 'కలర్'కి మార్చాను. రంగు పోయి వెలుగునీడలే మిగిలాయి. అప్పుడు తెలిసింది: అన్నిటికంటే తెల్లని పట్టీ పక్కనే దాదాపు నల్లటి పట్టీ ఉంది. నేనేమో అంతా మెత్తటి ఎయిర్‌బ్రష్‌తో కలిపేస్తున్నాను!

మళ్లీ మొదలుపెట్టాను. ముందు చెంబంతా ముదురు తేనెరంగు. తర్వాత గట్టి అంచున్న బ్రష్‌తో, చెంబు వంపు వెంట ముదురు గోధుమ పట్టీలు. వాటిని ఆనుకునే లేత పసుపు పట్టీలు. కొన్ని అంచులను మాత్రమే, అదీ పట్టీ పొడవునా, స్మడ్జ్ చేశాను, అంటే వేలితో పులిమినట్టు కలిపాను. అడుగున ఎర్ర గచ్చు ప్రతిబింబం కాస్త. మెరుపు చుక్క ఆఖరున పెట్టాను, అదీ తెలుపు కాదు, పాలిపోయిన పసుపు. ఇది చాలా ముఖ్యం: ప్లాస్టిక్ మీద మెరుపు వెలుతురు రంగులోనే ఉంటుంది, ఇత్తడి మాత్రం దానికి తన రంగు అద్దుతుంది.

తోమిన ఇత్తడికి, రాగికి ఇది పనిచేసింది. గీతలు పడ్డ స్టీలు గిన్నెకు సగమే కుదిరింది. తుప్పు పట్టిన ఇనుము ఇంకా ప్రయత్నించలేదు.