చామంతి పిలకలు కుళ్లిపోతుంటే

కడియం నర్సరీల నుంచి తెచ్చిన చామంతి మొదటి ఏడు విరగబూస్తుంది, రెండో ఏడు దుబ్బు నడుమ బోసిపోతుంది. మధ్య కాండం కట్టెబారడమే కారణం. ఎరువుతో బాగుపడదు, విడదీయాల్సిందే.

పూత అయ్యాక ఫిబ్రవరిలో కొమ్మల్ని జానెడు ఎత్తుకు కోసి నీళ్లు పెడితే మూడు నాలుగు వారాల్లో చుట్టూ పిలకలొస్తాయి. దుబ్బంతా పెకలించి అంచు పిలకలే తీసుకోవాలి. వేలెడు పొడవు, తెల్లటి వేర్లు ఉంటే చాలు. మొదలు మెత్తబడిందీ, వేరు గోధుమరంగుకు తిరిగిందీ మొహమాటం లేకుండా పారేయండి. నడిమి మోడూ అంతే.

మొదట్లో నాకు సగానికి పైగా కుళ్లాయి. తప్పంతా మట్టిది: మన డెల్టా నల్లమట్టి నీటిని వదలదు. ఇప్పుడు మట్టి 2 పాళ్లు, ఇసుక 1, మాగిన పశువుల ఎరువు 1 కలిపి, జానెడు ఎత్తు గట్టు మీద నాటుతున్నా. లీటరుకు 1 గ్రాము కార్బెండజిమ్ (శిలీంద్ర తెగుళ్ల మందు) కలిపిన నీళ్లలో వేర్లు 10 నిమిషాలు ముంచుతా. మొదలు అరంగుళం మించి పూడ్చను. కింది ఆకు మట్టికి తగిలితే కుళ్లు అక్కడే మొదలు.

ఎండాకాలమంతా కొబ్బరి నీడ, పొద్దుటి పూటే నీళ్లు. వానలు నిలకడయ్యాక ఎండలోకి మార్చి, నెలకోసారి కొమ్మల తలలు తుంచాలి. సెప్టెంబరు దాటాక మాత్రం తుంచకండి, పగలు పొట్టిబడగానే మొగ్గ తొడుగుతుంది.