గర్భిణి చక్కెర కొలత – నాలుగో పాఠం: భోజనం తరువాత రెండు గంటలు

గత పాఠంలో గ్లూకోజు పరీక్షను వివరిస్తూ 140 అనే అంకెను గుర్తుంచుకోమన్నాను. ఇప్పుడు ఆ అంకె దగ్గరే చిక్కు వచ్చింది. మధుమేహం ఉందని ఇదివరకే తేలిన చెల్లెళ్లు కొందరు పాలకొండ, చీపురుపల్లి వైపు నుంచి ఉత్తరాలు రాస్తూ, మధ్యాహ్నం అన్నం తిన్నాక 134 వచ్చిందనీ, 140 దాటలేదు కనుక భయం లేదనీ సంతోషించారు. అందుచేత ఈసారి చెప్పదలచిన రాత్రి భోజనం సంగతి ఆపి, ముందుగా రెండు అంకెలను విడదీయవలసి వచ్చింది.

140 అనేది వ్యాధి ఉందో లేదో తేల్చే అంకె. మన దేశపు మార్గదర్శకాల ప్రకారం, కడుపు ఖాళీగా ఉన్నా లేకున్నా, 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి తాగించి, రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. అప్పుడు డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భకాలపు మధుమేహం ఉన్నట్లు లెక్క. తాగిన అరగంటలోపు వాంతి అయితే పరీక్ష మరునాడు మళ్లీ చేయాలి. మొదటిసారి ఏమీ తేలకపోయినా 24–28 వారాల మధ్య మరల చూస్తారు, ఎందుకంటే మాయ (కడుపులోని బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించేది) పెరిగేకొద్దీ అందులో తయారయ్యే హార్మోనులు, రక్తంలో చక్కెరను తగ్గించే తల్లి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి.

120 వేరు. వ్యాధి ఉందని తేలి పథ్యం మొదలుపెట్టిన తల్లికి భోజనం తరువాత రెండు గంటలకు ఉండవలసిన హద్దు అది. రెండు వారాల పథ్యం తరువాత కూడా 120కి లోపు రాకపోతే డాక్టరు మెట్‌ఫార్మిన్ అనే మాత్ర గానీ ఇన్సులిన్ గానీ ఆలోచిస్తారు. కనుక ఆ 134 సంతోషించవలసిన అంకె కాదు, డాక్టరుకు చూపించవలసిన అంకె.

రెండు గంటలను మొదటి ముద్ద నోట పెట్టిన క్షణం నుంచి లెక్కించాలి, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. నేనైతే సెల్‌ఫోనును నమ్మను, గోడ గడియారం చూసి కాగితం మీద రాసుకోమంటాను. చక్కెర కొలిచే మీటరులో పట్టీ పెట్టే తీరు పెట్టెలోని కాగితమే చెబుతుంది. వేలు గుచ్చే ముందు మాత్రం చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. పనస తొనలు ఒలిచిన వేళ్లతో చూస్తే, పండులోని తీపి కూడా అంకెలో కలుస్తుంది.

ఇక నాకు విసుగు పుట్టించే సంగతి ఒకటి ఉంది: కొలత రోజున మాత్రమే పథ్యం చేయడం. రోజూ నాలుగు గరిటెల అన్నం తినే మనిషి ఆనాడు రెండు గరిటెలతో ఆగుతుంది. ఇంకొకరు ముందురోజు రాత్రి ఏమీ తినకుండా పడుకుంటారు. మరొకరు పేరంటంలో అరిసెలు తిన్న రోజు మీటరు తీయరు, మూడోనాడు తీసి 112 అని గర్వంగా రాస్తారు. చోడి (రాగి) అంబలి మంచిదే కదా అని పెద్ద గ్లాసుతో తాగే ఇళ్లలో, కొలత పూర్తయ్యాకే ఆ గ్లాసు చేతికి ఇస్తారు. చోడి గింజ మంచిదే కానీ, మెత్తని పిండితో పలుచగా కాచిన అంబలి త్వరగా అరిగి రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది కనుక, దాన్ని కూడా కొలత లోపలికే తేవాలి. తనిఖీ అధికారి వచ్చిన రోజున మాత్రమే సరైన తూనికరాళ్లు పెట్టే దుకాణదారుకూ మనకూ అప్పుడు తేడా ఏముంటుంది?

బిడ్డకు కొలత రోజు ఏదో తెలియదు. తల్లి రక్తంలోని అదనపు చక్కెర మాయ దాటి బిడ్డను చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. అందువల్ల బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది, ఒళ్లు అతిగా పెరుగుతుంది, కాన్పు కష్టమవుతుంది. బొడ్డు కోసిన తరువాత తల్లి నుంచి చక్కెర ఆగిపోయినా బిడ్డలో ఆ ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కనుక, పుట్టిన కొద్ది గంటలలో బిడ్డ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మంచి అంకె కోసం ఒక పూట మాడిన తల్లి తన అసలు అంకెను డాక్టరుకు దాచినట్లే, పైగా గర్భిణి పస్తు ఉండడం వేరే కీడు.

అభ్యాసం కొంచెం కష్టమైనదే. ఏడు రోజులు, ఒక్క పూట కూడా వదలకుండా, మొదటి ముద్ద వేళ, అన్నం ఎన్ని గరిటెలు, పప్పు, కూర, అంబలి ఎంత, మధ్యలో తిన్న చిరుతిండి ఏమిటి అన్నవి ఒక పుస్తకంలో రాయండి. కప్పు కొలతలు నాకు నచ్చవు. మీ ఇంటి అన్నం గరిటె ఒక్కటే ఏడు రోజులూ వాడితే చాలు. డాక్టరు చెప్పిన పూటలలో కొలత చూసి పక్కనే అంకె వేయండి. ఆ వారంలో పెళ్లి భోజనం తగిలితే దాన్ని తప్పక రాయాలి. మీటరు లేనివారు పుస్తకం మాత్రమే నింపి, ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో జరిగే గర్భిణుల పరీక్షకు తల్లీబిడ్డల రక్షణ కార్డుతో పాటు తీసుకువెళ్లండి. రాత్రి భోజనం పాఠం ఆ పుస్తకంతోనే మొదలవుతుంది.