మొక్కల కుటుంబాలకు ఏసీ బిగించకండి

బైపీసీ చదివినవాళ్లకి మాల్వేసీ, సొలనేసీ, ఫాబేసీ లాంటి మొక్కల కుటుంబాల పేర్లు నోటికి వచ్చే ఉంటాయి. ఫ్యాన్ కూడా సరిగ్గా తిరగని క్లాసులో కుటుంబానికో ఏసీ! అలా అన్నా మన దగ్గర అందరికీ అర్థమవుతుంది, ఎవరూ తప్పుపట్టరు. కానీ పేరు విడగొట్టడం వస్తే ఎంత పొడుగు పేరైనా తడబడకుండా చదివేయొచ్చు, స్పెల్లింగులో అక్షరం జారిపోదు.

ముందు తోక చూడండి. చివర్లో ఎ, సి, ఇ, ఎ, ఇ (aceae) అని ఐదు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి, పలికేటప్పుడు మాత్రం మూడు సిలబుల్సే: ఏ-సి-ఈ. ఆఖరి ఎ, ఇ కలిసి ఒకే అచ్చు. దాని ముందున్న ఇ విడిగా పలకాలి, మనం మింగేసేది దాన్నే. అంటే గులాబీ కుటుంబం రోజేసీ కాదు, రో-జే-సి-ఈ. ఊనిక, అంటే నొక్కి పలకడం, ఎప్పుడూ ఆ 'ఏ' మీదే, ఎందుకంటే లాటిన్‌లో చివరి నుంచి రెండో సిలబుల్ హ్రస్వమైతే ఊనిక దాని ముందుదానికి పోతుంది.

ఇక తల. అది ఒక ప్రజాతి (జీనస్) పేరు. సొలానమ్‌లో చివరి 'అమ్' తీసేసి తోక తగిలిస్తే సొ-ల-నే-సి-ఈ. ఐరిస్ నుంచి మాత్రం ఐ-రి-డే-సి-ఈ వస్తుంది, ఆ 'డ' ఎక్కడిదంటారా? మనకి ఇల్లు 'ఇంటి' అయినట్టే షష్ఠీ విభక్తిలో ఐరిస్ 'ఐరిడిస్' అవుతుంది, తోక అంటుకునేది ఆ రూపానికే.

తోకకి ముందు అచ్చు వస్తే రెండూ కలిపేయకూడదు: గడ్డి కుటుంబం పో-ఏ-సి-ఈ, కాఫీది రూ-బి-ఏ-సి-ఈ. యడాగమం అలవాటైన నోరు కదా, లిలియేసీ అని 'య' పెట్టేస్తాం, పర్లేదు, సిలబుల్స్ లెక్క చెడదు.

సి అక్షరం తర్వాత ఎ, ఓ, యు ఉంటే క, ఇ, ఐ ఉంటే స. ఆవాల కుటుంబం బ్రా-సి-కే-సి-ఈలో రెండూ దొరుకుతాయి. ప్రాచీన లాటిన్ పద్ధతి పాటించేవాళ్లు అన్నిచోట్లా క అనే పలుకుతారు, తోక 'ఆ-కె-ఐ' అవుతుంది, విడగొట్టడం మాత్రం అదే.

ఈ తోక లేని పాత పేర్లు 8 ఇప్పటికీ చెల్లుతాయి. గడ్డి కుటుంబానికే గ్రా-మి-ని-ఈ అని ఇంకో పేరుంది, పొద్దుతిరుగుడుది కం-పా-జి-టీ. ఇవి అలవాటయ్యాక చిలగడదుంప కుటుంబం పట్టండి: కన్-వాల్-వ్యు-లే-సి-ఈ.