తప్పు మొదటి డౌన్‌లోనే ఉంది

అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని ఆడేది) జట్టుకి వీడియోలు కట్ చేసిపెట్టేవాణ్ని. బంతి ఉన్న జట్టు నాలుగు డౌన్లలో, అంటే నాలుగు ప్రయత్నాల్లో, 10 గజాలు దాటాలి. మావాళ్లు మొదటి డౌన్‌లో ఎప్పుడూ బంతి పట్టుకుని మధ్యలోంచి పరుగే. మూడో డౌన్‌కి ఇంకా ఏడెనిమిది గజాలు మిగిలేవి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఒకటే టెన్షన్.

ఒక రాత్రి వీడియో ఆపి చూస్తే ముందు వరసలో ఎదుటివాళ్లని అడ్డుకునే గార్డు చెయ్యి కనిపించింది. పరుగుకైతే నేలకి ఆనించిన వేళ్ల కణుపులు తెల్లబడేవి. పాస్‌కైతే, అంటే బంతి విసిరే ఆటకైతే, బరువు మడమల మీదికి పోయేది. బంతి కదలకముందే ఎదుటివాళ్లకి అంతా తెలిసిపోతోంది! నిజంగా బాధేసింది.

కోచ్‌గారికి చూపించాను. రెండింటికీ ఒకేలా వంగడం రోజూ సాధన చేయించారు. మొదటి డౌన్‌లో పొట్టి పాసులు, పరుగులా నమ్మించి విసిరే ప్లే యాక్షన్ కలిపారు. తర్వాతి మ్యాచ్‌లో చాలాసార్లు మూడో డౌన్‌కి రెండు మూడు గజాలే మిగిలాయి.

ఆ గార్డు కుర్రాడు ఇప్పటికీ ప్రాక్టీసులో వేళ్లు చూపించి, "సరిగ్గా ఉందా?" అని అడుగుతాడు.